లైబ్రరీ ఉంది, లాగిన్ ఏదీ? డిగ్రీ విద్యార్థులకు అందాల్సిన సాయంపై చర్చ

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: డిగ్రీ కళాశాల లైబ్రేరియన్, జవహర్ నాలెడ్జ్ సెంటర్ (జేకేసీ) సమన్వయకర్త, కెమిస్ట్రీ అధ్యాపకులు.)

యాంకర్: నమస్కారం. పుస్తకం కావాలన్నా, స్కాలర్‌షిప్ ఆగిపోయినా, చదువయ్యాక ఏం చెయ్యాలో తోచకపోయినా డిగ్రీ పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇవాళ్టి విషయం. మేడమ్, మీతోనే మొదలుపెడదాం. లైబ్రరీకి వెళ్తే ‘ఇష్యూలో ఉంది’ అన్న మాట తప్ప పుస్తకం దొరకదంటున్నారు.

లైబ్రేరియన్: దొరకదు, నిజమే. లెక్క వేసి చూడండి. క్లాసులో 60 మంది, పుస్తకం 6 కాపీలు. 14 రోజులకి ఇస్తే, 15 వారాల సెమిస్టర్‌లో ఒక్కో కాపీ ఏడుసార్లు చేతులు మారుతుంది. మొత్తం 42. అంటే 18 మందికి ఒక్కసారి కూడా రాదు. అదీ అందరూ గడువుకి తెచ్చిస్తేనే! అదే ఆ ఆరింట్లో రెండింటిని పక్కన పెట్టి, మధ్యాహ్నం ఇచ్చి మర్నాడు పొద్దున్న వెనక్కి తీసుకున్నామనుకోండి. 90 పనిదినాల్లో ఆ రెండే 180 సార్లు బయటికి వెళ్తాయి. మిగతా నాలుగూ పాత పద్ధతిలోనే తిరుగుతాయి. కొత్తగా రూపాయి ఖర్చు లేదు.

యాంకర్: ఓవర్‌నైట్ ఇష్యూ ఇప్పటికే ఉన్న కాలేజీల్లో కూడా ఎవరూ వాడట్లేదంటారే?

లైబ్రేరియన్: దాన్ని సాయంత్రం నాలుగు తర్వాత పెడతారండీ. ఆమదాలవలస, నరసన్నపేట, పొందూరు వైపు పిల్లలు ఆ వేళకి బస్సు కోసం పరిగెడుతుంటారు. క్యూలో ఎవరు నిలబడతారు? లంచ్ టైములో ఇవ్వాలి. పొద్దున్న తిరిగివ్వడానికి గేటు దగ్గరో, లైబ్రరీ తలుపు పక్కనో ఒక డ్రాప్ బాక్స్ ఉండాలి. మొదటి పీరియడ్ పోగొట్టుకుని పుస్తకం ఇవ్వమంటే ఇవ్వరు.

యాంకర్: ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, కాపీల గొడవ ఇంకా ఎందుకని అడిగేవాళ్లకి?

లైబ్రేరియన్: ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్ర సంస్థ కాలేజీల కోసం నడిపే ఆన్‌లైన్ లైబ్రరీ ఎన్-లిస్ట్‌లో లక్షకు పైగా ఈ-పుస్తకాలున్నాయి. కాకపోతే విద్యార్థి తనంతట తాను అందులో చేరలేడు. కాలేజీ ఏటా చందా కట్టాలి. ఆ తర్వాత కాలేజీ తరఫున ఒకరు పిల్లల పేర్లు, ఈమెయిళ్లు ఎక్కించాలి. అప్పుడు ఎవరి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వాళ్ల మెయిల్‌కి వెళ్తాయి. బండి ఆగేది అక్కడే.

యాంకర్: మెయిల్ దగ్గరా?

లైబ్రేరియన్: అవునండీ. అడ్మిషన్ అప్లికేషన్ నెట్ సెంటర్‌లో పెడతారు. అక్కడి కుర్రాడు తన మెయిలో, అప్పటికప్పుడు తయారుచేసిన మెయిలో కొట్టేస్తాడు. దాని పాస్‌వర్డ్ ఈ పిల్లకి తెలీదు. ఫోన్ నంబరు వాళ్ల నాన్నది. ఆయన పనికోసం చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. ఓటీపీ అక్కడ మోగుతుంది, పిల్ల ఇక్కడ ల్యాబ్‌లో కూర్చుని ఉంటుంది. అందుకే ఆఫీసు రికార్డులో ఉన్న మెయిళ్లని తీసి అలాగే ఎక్కించకూడదు. మొదటి వారంలోనే కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టి, ఎవరి ఫోన్‌లో వాళ్ల మెయిల్ తెరిపించి, ఒక ఉత్తరం పంపి, అది వచ్చిందని కళ్లతో చూశాకే జాబితా పంపాలి. 60 మందికి రెండు పీరియడ్లు పడుతుంది. ఇంకొకటి, చందా గడువు దాటిపోతే లాగిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పిల్లలేమో పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుని వదిలేస్తారు.

యాంకర్: చందా కట్టని కాలేజీ పిల్లల సంగతి?

లైబ్రేరియన్: ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అందులో కనబడినవన్నీ తెరుచుకోవు. చాలావాటికి వివరం మాత్రమే ఉండి, అసలు పుస్తకం వేరే చోట ఉంటుంది. వెతికేటప్పుడే అందరికీ తెరిచి ఉన్నవాటిని విడిగా ఎంచుకోవాలి. పాలిటెక్నిక్, బీటెక్ వాళ్లకైతే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగు పాఠ్యపుస్తకాలు డౌన్‌లోడ్‌కి ఉన్నాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయాన్నీ మర్చిపోకండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, వాడుకునేవాళ్లు మాత్రం పోటీ పరీక్షల వాళ్లే!

కెమిస్ట్రీ అధ్యాపకులు: నేనొకటి కలుపుతాను. పుస్తకం దొరకడం ఒక ఎత్తు, ఏ పుస్తకమో తెలియడం ఇంకో ఎత్తు. 2023-24లో సింగిల్ మేజర్ విధానం, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టుతో డిగ్రీ, వచ్చినప్పుడు సైన్సు పిల్లలకి మొదటి సెమిస్టర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒకే పేపర్లో కలిశాయి. పాత పుస్తకం ఒక్కటీ దానికి పూర్తిగా అతకదు. దాంతో గైడు కొంటారు. గైడులో జవాబు ఉంటుంది, పాఠం ఉండదు.

యాంకర్: దానికి కాలేజీ ఏం చెయ్యగలదు మాస్టారూ?

కెమిస్ట్రీ అధ్యాపకులు: ప్రతి యూనిట్‌కీ మన లైబ్రరీలో ఏ పుస్తకం, అందులో ఏ భాగం అన్నది పాఠం చెప్పేవాళ్లే ఒక కాగితం మీద రాసి లైబ్రరీ తలుపుకి అంటించాలి. పేజీ నంబర్లు రాయొద్దు. ఎడిషన్ మారితే పేజీ మారిపోతుంది. అధ్యాయం, ఉపశీర్షిక రాస్తే పదేళ్ల నాటి కాపీ కూడా పనికొస్తుంది. ఇంకొకటి చెప్పాలి. 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం అయింది కదాని పాత తెలుగు అకాడమీ పుస్తకాల్ని తీసివేత జాబితాలో పెడుతున్నారు. దయచేసి పెట్టకండి. ఎంట్రోపీ తెలుగులో అర్థమైన పిల్లవాడు ఇంగ్లిష్‌లో రాయగలడు. అర్థం కానివాడు రెండిట్లోనూ రాయలేడు.

యాంకర్: టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల మాట?

లైబ్రేరియన్: అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి పంచిపెట్టడం తప్పే. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అధ్యాపకులే పెట్టడం మరీ తప్పు.

కెమిస్ట్రీ అధ్యాపకులు: మేడమ్, వెయ్యి రూపాయల పుస్తకం కొనలేనివాడికి ఆ మాట చెప్పి పంపెయ్యలేం కదా.

లైబ్రేరియన్: పంపెయ్యమనట్లేదండీ. చట్టంలోనే దారి ఉంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 బోధన కోసం మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు కేసులో 2016లో హైకోర్టు చెప్పింది కూడా అదే: పాఠానికి అవసరమైన భాగాలు తీసి కట్టగా చేసి విద్యార్థులకి ఇవ్వొచ్చు. మాస్టారు చెప్పిన ఆ యూనిట్ల కాగితం ఉంటే కట్ట దానంతటదే తయారవుతుంది. లైబ్రరీలో ఒక ప్రతి ఉంచితే పిల్లలు జిరాక్స్ తీయించుకుంటారు.

యాంకర్: బాగుంది. జేకేసీ సార్, కెరీర్ గైడెన్స్ సంగతికి వద్దాం.

జేకేసీ సమన్వయకర్త: చాలాచోట్ల అది ఒక సెమినార్, ఒక బ్యానర్, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ కోసం ఫైల్లోకి నాలుగు ఫొటోలు. అదీ ఆఖరి ఏడాదిలో. అప్పటికి ఏ అర్హతా కొత్తగా సంపాదించే టైము ఉండదు. మూడో సెమిస్టర్‌లో ఒక్కొక్కరితో 20 నిమిషాలు విడిగా మాట్లాడాలి. ఊరు వదిలి వెళ్లగలవా, ఇంట్లో ఇంకా ఎన్నేళ్లు చదివించగలరు, ఏ సబ్జెక్టులో ఎవరూ చెప్పకుండా కూర్చుంటావు? ఈ మూడూ అడిగితే సగం దారి తేలిపోతుంది. అమ్మాయిల విషయంలో మొదటి ప్రశ్న ఇంట్లోవాళ్లని కూడా అడగాల్సి వస్తుంది, దాచిపెట్టడమెందుకు.

యాంకర్: మన దగ్గర బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఎక్కువగా పైడిభీమవరం ఫార్మా వైపు చూస్తారు కదా.

జేకేసీ సమన్వయకర్త: చూస్తారు, ఇంటర్వ్యూలో చిన్నవాటి దగ్గరే తడబడతారు. 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎలా చేస్తావంటే నార్మాలిటీ లెక్కకి బదులు మొలారిటీ లెక్క చెబుతారు. మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో మొబైల్ ఫేజ్‌ని, అంటే లోపల ప్రవహించే ద్రావకాన్ని, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టాలని బట్టీపట్టి వస్తారు. ఎందుకు అంటే మౌనం. నలకలు కాలమ్‌లో అడ్డుపడి ప్రెషర్ పెరుగుతుంది. ద్రావకంలో కరిగిన గాలి తియ్యకపోతే పంపులో బుడగలు చేరి గ్రాఫులో బేస్‌లైన్ ఊగుతుంది. కాలేజీలో ఆ మిషన్ లేకపోయినా ఈ కారణాలు చెప్పడానికి బోర్డు చాలు.

కెమిస్ట్రీ అధ్యాపకులు: అంతకంటే పెద్ద చిక్కు మా రికార్డులతో ఉంది. మేం పిల్లలకి ఏం నేర్పుతున్నాం? బ్యూరెట్ రీడింగ్ చిత్తు కాగితం మీద రాసుకో, ఇంటికెళ్లి రికార్డులో అందంగా దించు. తప్పుపడితే వైట్‌నర్ పూసెయ్. ఫార్మాలో ఈ మూడూ నేరాలే. రీడింగ్ చూసినప్పుడే, అసలు పుస్తకంలోనే రాయాలి. తప్పు రాస్తే దాని మీద ఒకే గీత, కింద ఏముందో కనబడాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. ఆడిట్‌కి వచ్చినవాళ్లు ముందు చూసేది ఇలాంటి రాతలనే. మూడేళ్లు మేం వేయించిన అలవాటుని కంపెనీ మొదటి నెలలో మాన్పించాలి. ప్రాక్టికల్ క్లాసులో ఇవాళే మార్చుకోవచ్చు, యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు.

యాంకర్: ఇది వినాల్సిన మాట. లైన్లో పలాస నుంచి ఒక విద్యార్థిని ఉన్నారు. చెప్పమ్మా.

ఫోన్‌లో విద్యార్థిని: నమస్తే సార్. నేను బీఏ రెండో సంవత్సరమండి. కెరీర్ క్లాసు అంటే కోడింగే చెప్తున్నారు. మాకేటి ఉన్నాయండి?

జేకేసీ సమన్వయకర్త: నువ్వు అడగడం న్యాయమేనమ్మా, ఆ క్లాసు నీకోసం పెట్టింది కాదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. డిగ్రీలో 45 శాతం ఉండాలి, బీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40. బీఈడీకి ఎడ్‌సెట్ ఉంది. ఇక గ్రూప్స్, ఎస్‌ఎస్‌సీ, బ్యాంకులు. వీటన్నిటికీ లెక్కలూ రీజనింగూ ఇప్పుడే మొదలుపెట్టు. బీఏ వాళ్లు పోయేది అక్కడే, జనరల్ స్టడీస్‌లో కాదు. నీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అయిందా?

ఫోన్‌లో విద్యార్థిని: అయిందండి. రిపోర్టు జిరాక్స్ షాపులో...

జేకేసీ సమన్వయకర్త: (నవ్వుతూ) తెలిసిందమ్మా. 180 గంటల పని అది. మీ ఊళ్లో జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే 30 ఇళ్లకి నువ్వే వెళ్లి, అడిగింది నీ చేత్తో పట్టిక వేసుంటే, ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడే సరుకు ఉండేది. వచ్చే ఇంటర్న్‌షిప్ అయినా కొనకు.

యాంకర్: ఉద్యోగం వచ్చేలోపు ఖాళీగా ఉండేవాళ్లకి?

జేకేసీ సమన్వయకర్త: కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోవాలి. ఏడాది పని, నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీసం 9,000 రూపాయలని పెట్టారు, కనీస మొత్తంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. ఇంజినీర్లకే అనుకుంటారు, మామూలు డిగ్రీ వాళ్లకీ ఉంది. నమోదు చేసుకున్నంత మాత్రాన పిలుపు రాదు, సంస్థల ప్రకటనలు చూసి విడిగా అప్లై చెయ్యాలి. దీనికి గానీ, మరే ఉద్యోగానికి గానీ ఎవరైనా డిపాజిట్ అడిగితే ఫోన్ పెట్టెయ్యండి.

ఇంకొకటి స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులు. చదవడం ఉచితం, ఎన్‌పీటీఈఎల్ పరీక్షకి 1,000 రూపాయలు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పాస్ అవ్వాలంటే 25లో 10, 75లో 30 విడివిడిగా రావాలి. పిల్లలు అసైన్‌మెంట్లు వదిలేసి పరీక్ష ఫీజు కట్టేస్తారు. ఎంత బాగా రాసినా సర్టిఫికెట్ రాదు.

యాంకర్: సమయం అయిపోతోంది. స్కాలర్‌షిప్ ఆగిపోయిందని చాలా మెసేజ్‌లు వచ్చాయి.

లైబ్రేరియన్: ఎక్కువగా రెండే కారణాలు. మొదటిది, డబ్బు ఆధార్‌కి చివరగా సీడ్ అయిన, అంటే అనుసంధానమైన, ఖాతాలో పడుతుంది. ఈమధ్య కొత్త ఖాతా ఏదైనా తెరిచుంటే ముందు అందులో చూసుకోండి. రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. విద్యార్థి చదువు రికార్డులన్నిటినీ ఒకచోట ఉంచే అపార్ ఐడీ దగ్గర కూడా ఇదే అడ్డు. మెమో పట్టుకెళ్లి ఆధార్‌నే మార్పించుకోండి. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలు, పుట్టినతేదీకి ఒక్కటే. అందుకని మెమోలో ఉన్న స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే రసీదు తీసుకోండి.

యాంకర్: ఆఖరి మెసేజ్: లైబ్రరీ పుస్తకం పోయింది, నో డ్యూస్ ఇస్తారా అని.

లైబ్రేరియన్: ఇస్తారు. అదే పుస్తకం, అదే ఎడిషన్ గానీ తర్వాతి ఎడిషన్ గానీ కొనిస్తే తీసుకోవచ్చు. విశాఖలో పాత పుస్తకాల షాపుల్లో వెతికే ముందు ఐఎస్‌బీఎన్ నంబరు మా దగ్గర రాసుకుని వెళ్లమనండి. టీసీ రోజున కాదు, పరీక్షల ముందే రమ్మనండి.