80 శాతం ప్లేస్‌మెంట్ అంటే ఎంతమందికి ఉద్యోగం?

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చాలా అని ఆలోచించే తల్లిదండ్రులు మొదట అడిగేది ప్లేస్‌మెంట్ శాతం. 80 అంటే ఊరట, 90 అంటే సంతోషం. యాజమాన్యాలు కూడా తమ కెరీర్ గైడెన్స్ విభాగం బాగా పనిచేస్తోందో లేదో ఆ అంకెను బట్టే తేల్చేస్తాయి. ఆ అంకె ఎలా తయారవుతుందో తెలిస్తే, దాన్ని నమ్మి ఒక విభాగానికి మార్కులు వేయడం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

ఒక లెక్క వేద్దాం. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. ఒక కాలేజీ నుంచి ఈ ఏడాది 600 మంది పాసై బయటికి వచ్చారనుకుందాం. కంపెనీలు పెట్టే మార్కుల నిబంధన వల్ల 180 మందికి డ్రైవ్‌లో, అంటే కంపెనీలు కాలేజీకి వచ్చి జరిపే ఎంపికలో, కూర్చునే అర్హతే లేదు. మరో 120 మంది పేరు నమోదు చేసుకోలేదు. మిగిలింది 300. వాళ్లకు 240 ఆఫర్లు వచ్చాయి. 240ని 300తో భాగించి 80 శాతం అని ప్రకటిస్తారు.

ఇప్పుడు ఆ 240 ఆఫర్లను విప్పి చూద్దాం. 30 మందికి రెండేసి ఆఫర్లున్నాయి. అంటే ఆఫర్ అందుకున్నవాళ్లు 210 మందే. వాళ్లలో 25 మందికి చేరే తేదీ వాయిదా పడుతూ పోయి చివరికి ఉద్యోగమే చేతికి రాలేదు. నిజంగా చేరినవాళ్లు 185 మంది. పై చదువులకు వెళ్లిన 90 మందిని పక్కన పెడితే, ఉద్యోగం కావలసినవాళ్లు 510 మంది. 185ని 510తో భాగిస్తే 36 శాతం. అదే కాలేజీ, అదే బ్యాచ్. కింద ఎవరిని లెక్కపెట్టాం, పైన దేన్ని లెక్కపెట్టాం అన్నదాన్ని బట్టి 80 కాస్తా 36 అయింది.

ఆ 36 కూడా పూర్తి నిజం కాదు. మిగతా 325 మందిలో సొంతంగా వెతుక్కుని ఉద్యోగంలో చేరినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లనెవరూ అడగలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. అందుకే పనితీరు కొలవాలనుకునే కాలేజీ చేయవలసిన మొదటి పని, డ్రైవ్‌కు వచ్చినవాళ్లనే కాకుండా పాసైన ప్రతి ఒక్కరినీ అడగడం. అమెరికాలో కాలేజీలు, ఉద్యోగాలిచ్చే సంస్థలు కలిసిన నేస్ అనే సంఘం కాలేజీలకు ఇచ్చిన ప్రమాణం ఇదే చెబుతుంది: డిగ్రీ పూర్తయిన 6 నెలల్లోగా అందరి వివరాలూ సేకరించండి, కనీసం 65 శాతం మంది సంగతి తెలిసేలా చూడండి అని. బ్రిటన్‌లో ఒకప్పుడు 6 నెలలకు అడిగేవారు, ఇప్పుడు 15 నెలలు ఆగి అడుగుతున్నారు. నా ఉద్దేశంలో రెండుసార్లూ అడగడం మేలు. 6 నెలలకు అడిగితే ఉద్యోగం దొరికిందో లేదో తెలుస్తుంది, 15 నెలలకు అడిగితే నిలిచిందో లేదో తెలుస్తుంది.

ఇక్కడ తరచుగా దెబ్బతినేది ఒక చిన్న విషయం దగ్గర. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌కు ప్రశ్నలు పంపుతారు. చదువు అయిపోయాక ఆ ఈమెయిల్‌ను చాలామంది తెరిచి కూడా చూడరు. చివరి పరీక్షల హాల్ టికెట్ ఇచ్చే రోజునే సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిల్, ఇంట్లో ఒకరి నంబరు రాయించుకోవాలి. ప్రశ్నలు అయిదారుకు మించకూడదు: పని చేస్తున్నారా, చదువుతున్నారా, వెతుకుతున్నారా? పూర్తి సమయం పనేనా? చదివిన చదువుకు దానితో సంబంధం ఉందా? జీతం ఎంత? ఎవరి ద్వారా దొరికింది? జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఫోన్ చేయాలి. చేసేది వాళ్లకు పాఠం చెప్పిన అధ్యాపకులైతే జవాబు త్వరగా వస్తుంది.

అయినా అందరూ దొరకరు. మంచి ఉద్యోగం వచ్చినవాళ్లు ఉత్సాహంగా చెబుతారు, రానివాళ్లు ఫోన్ ఎత్తరు. కాబట్టి దొరికినవాళ్ల శాతాన్ని అందరికీ అంటగట్టకూడదు. 600 మందిలో 390 మంది సంగతి తెలిసిందనుకోండి, వాళ్లలో 273 మంది ఉద్యోగంలో ఉన్నారు. అది 70 శాతం. దొరకని 210 మందిలో ఒక్కరికీ ఉద్యోగం లేదనుకుంటే మొత్తం మీద 45.5 శాతం, అందరికీ ఉందనుకుంటే 80.5 శాతం. నివేదికలో ఈ రెండు అంచులూ రాయడమే నిజాయితీ. రెండింటి మధ్య దూరం తగ్గాలంటే ఇంకా ఫోన్లు చేయాలి, వేరే దారి లేదు.

జీతం గురించి ఒక్క మాట. సగటు ప్యాకేజీ అని వినిపిస్తే మధ్యస్థం ఎంత అని అడగండి. పది మందిలో తొమ్మిది మందికి నెలకు 20 వేలు, ఒక్కరికి 3 లక్షలు వస్తే సగటు 48 వేలు అవుతుంది. ఆ 48 వేల జీతం ఆ పది మందిలో ఎవరికీ లేదు. అందరినీ వరుసలో నిలబెట్టి నడిమి వారిని అడిగితే 20 వేలని చెబుతారు.

ఇంతవరకూ చెప్పుకున్నది విద్యార్థులకు ఏమైందన్న లెక్క. అందులో కెరీర్ విభాగం వాటా ఎంత అన్నది వేరే ప్రశ్న, దీనికంటే కష్టమైనది. మార్కెట్ బాగున్న ఏడు అంకె తనంతట తానే పెరుగుతుంది, మాంద్యం వస్తే పడిపోతుంది. "మా దగ్గరికి వచ్చినవాళ్లకు ఉద్యోగాలు ఎక్కువ వచ్చాయి, రానివాళ్లకు తక్కువ వచ్చాయి, కాబట్టి మా శిక్షణ పనిచేసింది" అనే వాదన కూడా నిలవదు. అడగకుండానే వచ్చేవాళ్లు మొదటినుంచీ చొరవ ఉన్నవాళ్లు. శిక్షణ లేకపోయినా వాళ్లలో చాలామంది నెగ్గుకొచ్చేవారే.

దీనికి చేయగలిగిన పని ఒకటుంది. ఇంటర్వ్యూ శిక్షణలో 60 సీట్లుంటే 140 మంది పేర్లిచ్చారనుకోండి. ముందొచ్చినవారికి ముందు అనకుండా లాటరీ తీయండి. పేరిచ్చిన అందరికీ ఆసక్తి ఉన్నట్టే, సీటు మాత్రం అదృష్టం కొద్దీ వచ్చింది. కాబట్టి ఆ 60 మందినీ, సీటు రాని 80 మందినీ 6 నెలల తర్వాత పోల్చవచ్చు. సీటు వచ్చి కూడా మధ్యలో మానేసినవాళ్లను 60లోంచి తీసేయకూడదు. తీసేస్తే చొరవ ఉన్నవాళ్లే మిగిలి, పోలిక మళ్లీ చెడుతుంది. సీటు రానివాళ్లకు అన్యాయం జరుగుతుందనే బెంగ న్యాయమైనదే. 6 నెలల లెక్క తీసుకున్నాక వాళ్లకూ అదే శిక్షణ ఇవ్వవచ్చు. ఇంకో జాగ్రత్త: ఇంత చిన్న గుంపుల్లో తేడా సుమారు 17 శాతం పాయింట్లు దాటకపోతే అది కాకతాళీయమై ఉండొచ్చు. ఒక ఏడాదికి తీర్పు చెప్పకుండా మూడు బ్యాచ్‌లు కలిపి చూడాలి.

ఫ్రాన్స్‌లో డిగ్రీ చదివి ఉద్యోగం లేని యువతపై ఇలాంటి ప్రయోగమే పెద్ద ఎత్తున జరిగింది. 235 ప్రాంతాల్లో లాటరీ పద్ధతిన కొందరికి ఉద్యోగ సహాయం అందించారు. 2013లో ఫలితాలు ప్రచురించారు. సహాయం అందినవాళ్లకు 8 నెలలకు నిలకడైన ఉద్యోగాలు కొంత ఎక్కువగానే దొరికాయి. అయితే అందులో కొంత భాగం, సహాయం అందనివాళ్లకు దక్కవలసిన ఉద్యోగాలు వీళ్లకు మారడమే. 12 నెలలకు ఆ లాభం కూడా కరిగిపోయింది. కాలేజీలకు ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. వరుసలో ఒకరిని ముందుకు జరపడం వేరు, నైపుణ్యం పెంచడం వేరు.

నైపుణ్యం పెరిగిందా అన్నది ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండానే కొలవవచ్చు. వర్క్‌షాప్ అయిపోగానే "మీకు నచ్చిందా" అని ఇచ్చే ఫారం అందుకు చాలదు. నచ్చడానికీ నేర్చుకోవడానికీ సంబంధం తక్కువ. దాని బదులు విద్యార్థి రెజ్యూమెను శిక్షణకు ముందొకటి, తర్వాతొకటి దాచండి. పేర్లు, తేదీలు తీసేసి రెండింటినీ కలిపేసి, ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియని ఇద్దరితో 20కి మార్కులు వేయించండి. అయిదు అంశాలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు: చేసిన పని స్పష్టంగా ఉందా, అంకెలున్నాయా, అడుగుతున్న ఉద్యోగానికి తగినట్టుందా, తప్పులు లేవా, చూడగానే చదవబుద్ధేస్తోందా. శిక్షణకు ముందు ఒక విద్యార్థి "జట్టుగా పనిచేయగలను" అని రాసి ఉంటుంది. తర్వాత అదే విద్యార్థి "మరో ముగ్గురితో కలిసి 6 వారాల్లో లైబ్రరీలోని 4,200 పుస్తకాల జాబితాను కంప్యూటర్లో ఎక్కించాను" అని రాస్తే మార్పు కళ్లకు కడుతుంది. ఇద్దరి మార్కులకూ మధ్య నాలుగుకు మించి తేడా వస్తుంటే తప్పు విద్యార్థిది కాదు, అంశాల వివరణలో అస్పష్టత ఉంది. ముందు దాన్ని సరిచేసుకోవాలి. మాక్ ఇంటర్వ్యూలకూ ఇదే పద్ధతి సరిపోతుంది, రికార్డు చేసి పెట్టుకుంటే చాలు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది, ఆ విభాగం గడప తొక్కని విద్యార్థుల సంగతి. నివేదికల్లో "ఈ ఏడాది 1,500 మంది హాజరయ్యారు" అని ఉంటుంది. ఒకే విద్యార్థి ఆరు సార్లు వచ్చినా ఆరుగురే అవుతారు. పేర్లవారీగా లెక్క తీస్తే 250 మందే తేలవచ్చు. మిగతా 350 మంది ఎవరు? ఏ బ్రాంచి? బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లా? ఇంట్లో కాలేజీ ముఖం చూసిన మొదటి తరమా? చదువుకుంటూనే పనికి వెళ్లేవాళ్లా? ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకానే తెరిచి ఉండే ఆఫీసుకు వాళ్లు రాలేరు. ఇలా రానివాళ్లలో పది పదిహేను మందిని పిలిచి కూర్చోబెట్టి అడిగితే, ఏ ఫారంలోనూ దొరకని కారణాలు బయటికొస్తాయి. శాతం మీదే ఒత్తిడి పెడితే విభాగం అర్హత గీతను ఇంకాస్త పైకి జరుపుతుంది. అంకె బాగుపడుతుంది, సాయం ఎక్కువగా కావలసినవాళ్లు గీత కింద ఉండిపోతారు.

విభాగం మీద తీర్పు చెప్పేముందు దానికి ఇచ్చిన మనుషుల్నీ లెక్కపెట్టాలి. 600 మందికి ఒక్కొక్కరికి 45 నిమిషాలు కేటాయిస్తే 450 గంటలు. వారానికి 20 గంటలు విద్యార్థులకు ఇవ్వగల సలహాదారులు ఇద్దరుంటే, అందరినీ ఒక్కసారి కలవడానికే 11 వారాలకు పైగా పడుతుంది. ఒక్కరే ఉంటే 22 వారాలు దాటుతుంది. ఆ పనంతా చివరి సంవత్సరంలో మొదలుపెడితే కంపెనీలు వచ్చేలోగా పూర్తవడం కష్టం. మొదటి సంవత్సరం నుంచే విభజించుకోవాలి.

ఒక కార్యక్రమం ఫలితమివ్వలేదని తేలితే వెంటనే రద్దు చేయకండి. అనుకున్నవాళ్లు వచ్చారా, అనుకున్నట్టే జరిగిందా, ఉపయోగపడే సమయంలో జరిగిందా అని మూడూ వరుసగా చూడండి. రెజ్యూమె శిక్షణ కంపెనీలు వచ్చి వెళ్లాక పెడితే శిక్షణను తప్పుపట్టి లాభం లేదు, తేదీ మార్చాలి. మూడూ సరిగ్గా ఉండి, మూడు బ్యాచ్‌ల్లోనూ తేడా కనబడకపోతే ఆ కార్యక్రమాన్ని ఆపి, ఆ గంటల్ని విద్యార్థులతో విడివిడిగా కూర్చునే పనికి మళ్లించాలి.