మామగారిచ్చిన సీసా

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు చదవమని నాకో చీటీ ఇచ్చారు. అందరూ మీకు తెలిసినవాళ్లే కాబట్టి దాన్ని జేబులోనే ఉంచుకుంటున్నాను, పెద్దలు మన్నించాలి. ఫ్రెంచివాళ్ల భోజనం అలవాట్ల గురించి మాట్లాడమన్నారు గానీ, నేను ఒక్క వైన్ గురించే చెబుతాను. బాందోల్ అనే ఊరి రెడ్ వైన్, అందులోనూ తాంపియే కుటుంబం వాళ్లది.

దక్షిణ ఫ్రాన్స్‌లో మార్సెయ్, తూలోన్ అనే ఊళ్ల మధ్య సముద్రం ఒడ్డున ఉంటుంది బాందోల్. వెనకాల కొండవాలు మీద రాళ్లు పేర్చి మెట్లుమెట్లుగా కట్టుకున్న ద్రాక్షతోటలు. అక్కడి పంట మూర్వెద్ర్ అనే నల్ల ద్రాక్ష. కాయ చిన్నది, తోలు మందం, పండేది ఆలస్యంగా. చదువుకునే రోజుల్లో ఒక సీజన్ అక్కడే ఓ చిన్న తోటలో కోతకి వెళ్లాను. బాందోల్‌లో యంత్రంతో కోయకూడదు, రూలే అంత, ప్రతి గుత్తీ చేత్తోనే తుంచాలి. ఒక పండు నోట్లో వేసుకుని తోలు నమిలాను, పచ్చి వక్క కొరికినట్టు నాలుక పట్టేసింది. వేళ్ల సందుల్లో పట్టిన రంగు రెండు రోజులు సబ్బుకి లొంగలేదు.

ఇంత మంచి ద్రాక్ష దాదాపు కనుమరుగైపోయింది, తెలుసా? 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటల్ని తుడిచిపెట్టేసింది. చివరికి అమెరికా తీగల వేరు మీద ఫ్రెంచి తీగని అంటు కట్టి బతికించారు, మనం మామిడికి కట్టినట్టే. మూర్వెద్ర్‌కి ఆ అంటు సరిగ్గా కుదరలేదు. రైతులు ఎక్కువ కాసే రకాలకి మళ్లారు. వాళ్లని నేను తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా.

1936లో ల్యూసియాన్ పేరో అనే కుర్రాడు తాంపియే వాళ్లమ్మాయి లూలూని పెళ్లి చేసుకున్నాడు. మామగారు అల్లుడికి ఒక పాత సీసా ఇచ్చారు, పురుగు రాకముందు ఆ తోటలోనే చేసిన రెడ్. అది తాగాక ల్యూసియాన్‌కి మనసు మనసులో లేదు. ఆ రుచి మళ్లీ తేవాలని మూర్వెద్ర్ నాటడం మొదలుపెట్టాడు, చుట్టుపక్కల రైతుల్నీ ఒప్పించాడు. 1941లో బాందోల్‌కి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు రెడ్‌లో కనీసం సగం మూర్వెద్ర్ ఉండాలి, కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో నిలవ ఉండాలి. ల్యూసియాన్ 1996లో పోయారు. లూలూ అమ్మ 2020లో, 102 ఏళ్ల వయసులో. వచ్చిన అతిథులందరికీ ఆవిడ తన చేత్తో వండి పెట్టేది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. పోయిన సంక్రాంతికి ఒక మిత్రుడింటికి ఈ వైనే తీసుకెళ్లాను, ఎనిమిదేళ్లు దాచిన సీసా. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు గ్లాసుల నిండా ఐసు, పైన కోలా. అందరూ ప్రేమగా నా చేతికీ ఒక గ్లాసు ఇచ్చారు. నోట మాట రాలేదు. డబ్బు గురించి కాదండీ, ఎనిమిదేళ్లు! దయచేసి అలా చేయకండి. ఈ వైన్ కుర్రవయసులో వగరుగా, మొండిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు మెత్తబడి, ఎండిన ఆకుల వాసన, తోలు వాసన, మిరియం ఘాటు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఐసు పడితే అవన్నీ మూసుకుపోతాయి.

అసలు విషయం ఎక్కడ వదిలేశాను? ఆ, భోజనం. దీనికి వేటమాంసం బాగా కుదురుతుంది, కారం కాస్త తగ్గించి వండితే ఇంకా మంచిది.

రెండు సీసాలు తెచ్చాను. మధ్యాహ్నమే మూత తీసి, గాలి తగిలేలా జగ్గుల్లో పోసి పెట్టాను. తలా రెండు గుక్కలే వస్తుంది. కారు నడపాల్సినవాళ్లు వాసన చూసి పక్కవాళ్లకివ్వండి. బాబూ, ఆ ఐసు బకెట్ అక్కడ్నుంచి తీసేయండి. ముందు వరసలో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి.