స్టార్లకు తాళం వేసే కొత్త రివ్యూ సైట్: యెల్ప్, గుడ్‌రీడ్స్, లెటర్‌బాక్స్‌డ్ ముందు నిలబడుతుందా?

నమస్తే అండీ. సైట్ పేరు స్క్రీన్ మీద ఉంది, లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది. ముందే చెప్పేస్తున్నా, వీళ్లు నాకు ప్రీమియం అకౌంట్ ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందు మాకు చూపించమని అడగనూ లేదు. జనం రివ్యూలు రాసుకునే సైట్‌ని ఫ్రీగా తీసుకుని రివ్యూ చెయ్యడమేంటి అంటారా? ఆ తమాషా నాకూ తెలుస్తూనే ఉంది, కానివ్వండి.

ఫీచర్ల లిస్టు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. ఫాలో అవ్వడం, లిస్టులు, కామెంట్లు, డార్క్ మోడ్, అన్నీ ఉన్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. సెర్చ్ మాత్రం చెత్త. ఒక అక్షరం తప్పు కొడితే ఏమీ దొరకదు. సరే, అది వదిలేయండి. నన్ను పట్టుకున్నది ఒకే ఒక్క పట్టీ.

ఇదిగో చూడండి, ఒక హెడ్‌ఫోన్స్ పేజీ ఓపెన్ చేశాను. మామూలుగా పైన ఏం ఉంటుంది? నాలుగు పాయింట్ మూడు అని స్టార్లు, పక్కనే ఇన్ని వేల రేటింగ్‌లు అని ఒక అంకె. ఇక్కడ ఆ చోట బూడిద రంగు పట్టీ, మధ్యలో తాళం బొమ్మ. కింద రెండు బటన్లు: ‘వాడాను’, ‘వాడలేదు’. ‘వాడాను’ నొక్కితే సున్నా నుంచి పది దాకా ఒక గీత వస్తుంది. చుక్కని లాగి మీ మార్కు దగ్గర వదలాలి. వదిలాకే తాళం తెరుచుకుని, అదే గీత మీద మీ స్నేహితుల మొహాలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చుంటాయి. నేను ఆరు దగ్గర ఉన్నాను. మావాళ్లిద్దరు తొమ్మిది దగ్గర ఉన్నారు, ఒకడు మూడు దగ్గర.

కొనాలనుకునేవాళ్ల సంగతేంటి అంటే, ‘వాడలేదు’ నొక్కండి, అన్నీ కనిపిస్తాయి. కాకపోతే ఆ తర్వాత నెల రోజుల దాకా ఆ వస్తువుకి మీరు మార్కు వెయ్యలేరు. అబ్బ, ఇది ఎవరు ఆలోచించారో గానీ దండం పెట్టాలి.

ఎందుకింత ముచ్చటపడుతున్నానంటే, మిగతా సైట్లన్నింట్లో మనం చేస్తున్నది పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్ చూసి రాసే పనే. గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల సైట్‌లో ఒక పుస్తకం పేజీ తెరవగానే సగటు రేటింగ్ రెండు దశాంశాలతో సహా కళ్లలో పడుతుంది. నాలుగున్నర అని చూశాక రెండు స్టార్లు ఇవ్వడానికి చెయ్యి వస్తుందా? మూడో నాలుగో ఇచ్చేసి బయటపడతాం. దీని మీద 2013లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ చేసింది. ఒక వార్తల సైట్‌లో కొన్ని కామెంట్లకి, మంచివా చెడ్డవా అని చూడకుండా, మొదట్లోనే ఒక ప్లస్ ఓటు వేశారు. ఆ ఒక్క ఓటుకి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది! అదే మైనస్ ఓటు వేస్తే జనం వచ్చి సరిదిద్దేశారు. అంటే తిట్టుని అనుమానిస్తాం, పొగడ్తని మాత్రం అలాగే మింగేస్తాం. ఈ తాళం పట్టీ కొట్టేది సరిగ్గా అక్కడే.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. మావాడి తొమ్మిది మీద వేలు పెడితే చిన్న అక్షరాల్లో ‘ఈయన సగటు 9.2’ అని వస్తుంది. మావాడికి ఛార్జర్ కేబుల్ కూడా అద్భుతమే! కాబట్టి వాడి తొమ్మిదికి పొంగిపోనక్కర్లేదు. ఆ మూడు వేసినవాడి సగటు 4.1. వాడు దేన్నీ మెచ్చడు. నిజానికి స్టార్లతో వచ్చే తలనొప్పే ఇది. గుడ్‌రీడ్స్ లెక్కలో రెండు స్టార్లంటే ‘పర్వాలేదు’ అని, వేరే చోట అదే రెండు స్టార్లు ఇస్తే అమ్మేవాడు ఏడుస్తాడు. గుడ్‌రీడ్స్‌లో అర స్టార్ లేదు, సినిమాల సైట్ లెటర్‌బాక్స్‌డ్‌లో ఉంది, ఇంకో పుస్తకాల సైట్ స్టోరీగ్రాఫ్‌లో పావు స్టార్ కూడా ఉంది. యూట్యూబ్‌లో ఒకప్పుడు అయిదు స్టార్లుండేవి, గుర్తుందా? దాదాపు అందరూ అయిదే ఇస్తున్నారని 2010లో వాటిని తీసేసి బొటనవేలు (లైక్, డిస్‌లైక్) పెట్టారు. 2017లో నెట్‌ఫ్లిక్స్ కూడా అదే దారి పట్టింది.

ఇంతా చేసి వీళ్ల ప్రకటనలో ‘నమ్మకం ఆధారంగా నడిచే మొట్టమొదటి రివ్యూ నెట్‌వర్క్’ అని ఒక మాట ఉంది. అయ్యా, ఎపీనియన్స్ అనే సైట్ 1999లోనే మొదలైంది. ఎవరిని నమ్ముతారో వాళ్లని లిస్టులో పెట్టుకుంటే వాళ్ల రివ్యూలు మీకు పైన కనిపించేవి, నమ్మనివాళ్లని బ్లాక్ చేసుకోవచ్చు. 2004లో హోటళ్లు, షాపుల మీద రివ్యూలు రాసే యెల్ప్ మొదలైనప్పుడు కూడా అసలు ఐడియా స్నేహితులకి ఈమెయిల్ పంపి సలహా అడగడమే. అది పెద్దగా ఎక్కలేదు. ఎవరూ అడక్కుండానే రివ్యూ రాసే చిన్న వీలు ఒకటుంటే, జనం దాని మీద పడ్డారు. దాంతో సైట్‌నే అటు తిప్పేశారు. ఇప్పుడక్కడ ఏ రివ్యూ పైకి రావాలో, ఏది ‘సిఫార్సు చెయ్యనివి’ అనే మూలకి పోవాలో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. ట్రస్ట్‌పైలట్ అనే ఇంకో రివ్యూ సైట్‌లో స్నేహాల గొడవే లేదు. కంపెనీ గురించి రాసి వెళ్లిపోతారు, అంతే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయం. ఈ సైట్‌లోకి మన రేటింగ్‌లున్న గుడ్‌రీడ్స్ ఫైల్ తీసుకొచ్చి పొయ్యొచ్చు, లెటర్‌బాక్స్‌డ్ ఫైల్ పొయ్యొచ్చు. చకచకా లోపలికి లాగేసుకుంటుంది. మరి మన రాతలు బయటికి తీసుకోవాలంటే? సెట్టింగ్స్ మొత్తం గాలించాను. ఎక్స్‌పోర్ట్ బటన్ లేదు. సపోర్ట్‌కి రాస్తే ‘రోడ్‌మ్యాప్‌లో ఉంది’, అంటే ముందు ముందు చేస్తాం అని జవాబు వచ్చింది. గుడ్‌రీడ్స్, లెటర్‌బాక్స్‌డ్ రెండూ మన డేటాని సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలా, మన చేతికి ఇస్తాయి. వాటి మీద బతికే కొత్తవాళ్లు ఆపాటి మర్యాద చూపించరా?

నేనింత గింజుకోవడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక రివ్యూ సైట్‌లో, పేరు వద్దులెండి, మొబైల్స్ మీద పేజీలకు పేజీలు రాశాను. బ్యాటరీ ఎన్ని గంటలొచ్చిందో కాగితం మీద రాసుకుని మరీ టైప్ చేసేవాణ్ని. ఒకరోజు లాగిన్ అవుదామంటే సైటే లేదు. ఎపీనియన్స్ కూడా 2014లో జనం రాసే భాగాన్ని మూసేసింది. సైట్లు పోతాయండీ, అది మామూలే. మన రాతలు మన దగ్గర ఉంటే చాలు.

ఇంకో చికాకు, సైట్ తెరిచినప్పుడల్లా మీ కాంటాక్ట్స్ ఇవ్వండి అని అడుగుతుంది. ‘ఇప్పుడు కాదు’ అనే బటన్ ఉంది, ‘ఎప్పటికీ వద్దు’ అనేది లేదు. వాళ్ల బాధ అర్థమవుతుంది. స్నేహితులు లేకపోతే తాళం తెరుచుకున్నా గీత మీద మీరొక్కరే ఉంటారు. అప్పుడు ‘మీలాంటివాళ్లు’ అని ఎవరెవరినో తెచ్చి కూర్చోబెడుతుంది. ఏ లెక్కన నాలాంటివాళ్లో మాత్రం చెప్పదు.

మరి చేరాలా వద్దా? సినిమాలకి లెటర్‌బాక్స్‌డ్ డైరీని నేను వదలను. పుస్తకాలకి స్టోరీగ్రాఫ్ హాయిగా ఉంది. గాడ్జెట్లు, యాప్‌లు, బ్యాగులు, ఇలాంటివాటికి మాత్రం ఇక నుంచి ముందు ఈ సైట్‌కే వెళ్తాను. లోపాలన్నీ చూసి కూడా ఈ మాట అంటున్నానంటే ఆ తాళం పట్టీ చేసిన మాయే. ఎక్స్‌పోర్ట్ ఇచ్చేదాకా పొడుగు రివ్యూలు ఇక్కడ రాయను. చుక్క లాగి మార్కు వేసి ఊరుకుంటాను. మీరైతే కనీసం ఒక నలుగురు స్నేహితులతో కలిసి చేరండి, ఒంటరిగా వెళ్తే పది నిమిషాల్లో విసుగొస్తుంది.

ప్రీమియం కొనాలా అని అడుగుతారు, తెలుసు. అందులో యాడ్స్ రావు, ఏడాదికోసారి మీ మార్కుల గ్రాఫ్ ఒకటి ఇస్తారు. తాళం పట్టీ, ‘ఈయన సగటు’, రెండూ ఫ్రీ అకౌంట్‌లోనే ఉన్నాయి. కాబట్టి అక్కర్లేదు. నాకు ప్రీమియం ఇచ్చినవాళ్లకి ఈ ముక్క నచ్చకపోవచ్చు, ఏం చేస్తాం.