కొత్త కిడ్నీ ఎన్నాళ్ళు పనిచేస్తుందో స్కానింగ్ చెప్పగలదా?

(ప్రపంచ కిడ్నీ దినం సందర్భంగా సోంపేటలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం నుంచి కూడా పేషెంట్లు, వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను స్కానింగ్ డాక్టర్ని. నన్ను అందరూ అడిగేది ఒకటే: "కిడ్నీ మార్పిడి చేయించుకుంటే ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఇందులో తెలుస్తుందా డాక్టరుగారూ?"

కొంత తెలుస్తుంది.

ముందు దాత సంగతి. ఆపరేషన్‌కి ముందు దాతకి సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు. కిడ్నీకి రక్తనాళం ఒకటే ఉందా, రెండు మూడున్నాయా, కిడ్నీ ఎంత సైజుందో అందులో తెలుస్తుంది. చిన్న కిడ్నీని భారీ మనిషికి పెడితే దాని మీద పని ఎక్కువ పడుతుంది. డీటీపీఏ స్కాన్‌లో రెండు కిడ్నీలూ విడివిడిగా ఎంత పనిచేస్తున్నాయో చూస్తారు. తేడా ఉంటే, మెరుగైనది దాతకే ఉంచాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇచ్చేది ఎవరు? అమ్మో, భార్యో, అక్కో. అదే ఊరు, అవే నీళ్ళు, అదే ఎండలో పని. ఉద్దానం జబ్బుకి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వాపులు లేకుండా, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండా చడీచప్పుడు లేకుండా ముదిరిపోతుంది. తొలిదశలో స్కాన్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఇక్కడి దాతల్ని మిగతా చోట్లకన్నా గట్టిగా పరీక్షించాలంటాను. కిడ్నీ ఇచ్చాక ఆ తల్లిని మర్చిపోతున్నాం. ఆమెకీ ఏటేటా పరీక్షలు జరగాలి.

ఇక ఆపరేషన్ తర్వాత. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఓ పక్కన, చర్మానికి దగ్గరగా పెడతారు కాబట్టి అల్ట్రాసౌండ్‌లో బాగా కనిపిస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు రక్తం జోరుగా లోపలికి వస్తుంది, రెండు దెబ్బల మధ్య కూడా ఆగకుండా పారాలి. ఈ తేడాని డాప్లర్‌లో, అంటే రక్తం పారే వేగాన్ని చూపే అల్ట్రాసౌండ్‌లో కొలిచి రెసిస్టివ్ ఇండెక్స్ అనే అంకె రాస్తాం. మామూలుగా 0.7 లోపు ఉంటుంది. 0.8 దాటినవాళ్ళలో కొత్త కిడ్నీ త్వరగా దెబ్బతింటోందని 2003లో జర్మనీ డాక్టర్లు రాశారు. 2013లో బెల్జియం డాక్టర్లు మరో మాట చెప్పారు: ఆ అంకె కిడ్నీ గురించి కన్నా, దాన్ని పెట్టించుకున్న మనిషి వయసు, రక్తనాళాల స్థితి గురించే ఎక్కువ చెబుతోందని. నాకు ఈ రెండోదే ముఖ్యం. రిపోర్టులో 0.82 చూడగానే కిడ్నీ పోయిందని టెన్షన్ పడి, తిండి మానేసినవాళ్ళని చూశాను. ఒక్క అంకెతో కిడ్నీ పోదమ్మా. కానీ మొన్న 0.65 ఉండి ఇవాళ 0.82 అయితే అది వేరే సంగతి. ఆ రోజే మార్పిడి చేసిన డాక్టర్ని కలవాలి. శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందా, మూత్రనాళం మూసుకుందా, మందు మోతాదు ఎక్కువైందా అన్నది వాళ్ళు తేల్చాలి. అవసరమైతే బయాప్సీ చేస్తారు, అంటే సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు, దానికి భయపడి వాయిదా వేయకండి.

కిడ్నీ లోపల మచ్చ ఎంత కట్టిందో గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ స్కాన్‌తోనూ, కొత్తరకం ఎంఆర్ఐతోనూ కొలిచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది కాబట్టి వీటి మీద నాకు చాలా ఆశ ఉంది. అయినా బయాప్సీ స్థానంలోకి ఇవింకా రాలేదు.

కాబట్టి ఆపరేషన్ అయిన తొలివారంలో తీసిన డాప్లర్ రిపోర్టు పారేయకండి. విశాఖ వెళ్ళినా, బరంపురం వెళ్ళినా వెంట తీసుకెళ్ళండి. పాతది లేకపోతే కొత్తదాన్ని దేనితో పోల్చాలో ఏ డాక్టరుకీ తెలియదు.

ఫైళ్ళు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి. మార్పిడి అయినవాళ్ళవి ముందు చూస్తాను, తర్వాత దాతలవి.