చెల్లికి ఎనిమిదో నెల, నర్సాపురం చేపల మార్కెట్‌కి వెళ్లాం

హాయ్ అండీ అందరికీ, ఇవాళ వ్లాగ్ న్యూజెర్సీ నుంచి కాదు, మా నర్సాపురం నుంచి. పొద్దున్నే అమ్మా నేనూ చేపల మార్కెట్‌కి వచ్చేశాం, ఎందుకంటే చెల్లికి ఎనిమిదో నెల, పురిటికి పుట్టింటికొచ్చింది, వచ్చిన దగ్గర్నుంచీ చేప ముట్టట్లేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూసిందంట, చేపల్లో మెర్క్యురీ, అదే పాదరసం ఉంటది, బిడ్డ బుర్రకి దెబ్బ అని.

దాన్ని నేనేం అనలేను, నేనూ అదే చేశా. మా బాబు కడుపులో ఉన్నప్పుడు అక్కడ క్లినిక్‌లో మెర్క్యురీ జాగ్రత్త అని ఒక్క మాట చెప్పి పంపేశారు, ఏ చేపలో ఎక్కువో ఏ చేపలో తక్కువో చెప్పలేదు, భయపడి తొమ్మిది నెలలూ చేపే మానేశా. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, అమెరికాలో తిండీ మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ వాళ్లు కడుపుతో ఉన్నవాళ్లని చేపలు మానెయ్యమనట్లేదు, మెర్క్యురీ తక్కువుండే రకాలు చూసుకుని వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినమంటున్నారు, అంటే పూటకి అరచెయ్యంత ముక్క చొప్పున రెండు మూడు పూటలు. చేపలో డీహెచ్ఏ అని ఒక కొవ్వు ఉంటదండీ, కడుపులో బిడ్డ మెదడుకీ కళ్లకీ అది కావాలి. తింటే ఏమవుద్దో అందరూ చెప్తారు, మానేస్తే ఏం పోద్దో ఎవరూ చెప్పరు, నా బాధంతా అదే.

"పాదరసమంటే థర్మామీటర్లో ఉండేదేనా?" అంది అమ్మ. అదేనమ్మా, నీళ్లలో చేరిన పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, అది నాచులోకి, నాచు తిన్న చిన్న చేపలోకి, దాన్ని మింగిన పెద్ద చేపలోకి వెళ్లేకొద్దీ పెరుగుతూ పోతది, ఎక్కువేళ్లు బతికి ఇంకో చేపని తినే చేపలో బాగా పేరుకుంటది. కండకే పట్టేసుకుంటది కాబట్టి ఉప్పూ పసుపూ వేసి ఎంత తోమినా ఎంత వేయించినా పోదు. అందుకే ఎఫ్‌డీఏ వాళ్ల వద్దు లిస్టులో సొర (షార్క్), స్వోర్డ్ ఫిష్, మార్లిన్, కింగ్ మాకెరెల్ ఉంటాయి, ఆ చివరిది మన వంజరానికి దగ్గర చుట్టమే, అందుకే వంజరం కూడా వద్దన్నా. కవళ్లు, నెత్తళ్లు, రొయ్యలు, చెరువు శీలావతి, బొచ్చె ఇవన్నీ తక్కువ వైపు, పులస కూడా నీళ్లలో నలుసుల్లాంటి ప్లవకాలు తిని బతికేదే.

ఫార్మలిన్, అంటే చేప పాడవకుండా కొందరు కలిపే రసాయనం, దాని సంగతి వేరండీ, 2018 లో ఆ భయంతోనే అస్సాం వాళ్లు మన ఆంధ్రా చేపల్ని కొన్నాళ్లు ఆపేశారు. అది చేప రకాన్ని బట్టి ఉండదు, అమ్మేవాళ్లు ఏం చేశారన్నదాన్ని బట్టి ఉంటది, అమ్మ ఎప్పుడూ తెలిసినావిడ దగ్గరే కొంటది, ఆవిడకి అంతర్వేది వైపు నుంచి తెల్లారుజామునే పడవల సరుకు వస్తది.

మా చెల్లి కోసమని తెలియగానే ఆవిడ "పాలసొర ఉందండమ్మగారూ, బాలింతకి దాచమంటారా?" అంది, ఎంత ప్రేమగా అడిగిందో. వద్దులే పిన్నీ అని నెత్తళ్లు కేజీ, కవళ్లు అరకేజీ తీసుకున్నాం.

అసలు కష్టం ఇంటికొచ్చాక. అమ్మమ్మ "సొరపిట్టు పెట్టకపోతే పిల్లకి పాలెలా పడతాయే, మీ అమ్మకి పెట్టలేదా, నువ్వు బాలేవా?" అంది. సొరపిట్టంటే సొర చేపని ఉడికించి పొడిపొడిగా చేసే కూరండీ. అమ్మమ్మ మాట తప్పని నేననలేదు, ఆ రోజుల్లో బాలింతకి మెత్తగా ముళ్లు లేకుండా అంత మాంసకృత్తులు ఇంకెక్కడ దొరికేవి? కానీ మెర్క్యురీ పాల ద్వారా కూడా కొంచెం బిడ్డకి వెళ్తది, ఆ లిస్టు పాలిచ్చే తల్లులకి కూడా. "పిల్లసొరైనా వద్దా?" అనడిగింది. చిన్నదాంట్లో తక్కువే ఉంటది అమ్మమ్మా, అయినా పాలు మాన్పించేదాకా ఆగుదామన్నా.

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అదే వెల్లుల్లి అదే కారం వేసి బొచ్చెతో పిట్టు చేస్తా, కానీ ముళ్లు మాత్రం నువ్వే ఏరాలి అంది. చెల్లి అప్పటికే నెత్తళ్లు మామిడికాయ కూర రెండోసారి వడ్డించుకుంటోంది.