134 అంటే ఏ 134?

అందరికీ నమస్కారం. పాత నాణేలు, స్టాంపులు పోగుచేసేవాళ్ల మధ్య నిలబడి ఒక్క కాగితం ముక్క గురించి అరగంట మాట్లాడతానంటే మీరెవరూ వింతగా చూడరు. మా ఇంట్లోవాళ్లయితే ఈపాటికి లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు వియన్నాలో ఉన్నాను. అక్కడ నాష్‌మార్క్‌ట్ అని పెద్ద కూరగాయల బజారు ఉంది. శనివారం దాని పక్కనే పాత సామాన్ల సంత జరుగుతుంది. మన జుమేరాత్ బజార్ లాంటిదే, కాకపోతే కాఫీ ఖరీదెక్కువ. ఒక ముసలాయన బల్ల మీద పోస్టుకార్డుల అట్టపెట్టె కనబడింది. కార్డుల మధ్యలో నాలుగు మడతలు పెట్టిన చిన్న సర్టిఫికెట్ దొరికింది. విప్పితే నోటుపుస్తకం పేజీ అంత ఉంది. కింద గుండ్రటి సీలు, సీల్లో డేగ. డేగ కాళ్ల దగ్గర స్వస్తిక ఉండాల్సిన చోట తెల్ల స్టిక్కర్ అంటించారు. ఆస్ట్రియాలో నాజీ గుర్తుల్ని బయట ప్రదర్శించడం నేరం, అందుకని అమ్మేవాళ్లంతా అలా కప్పేస్తారు. ఇరవై యూరోలన్నాడు. బేరమాడకుండా కొన్నాను. మా నాన్నగారు వింటే ఊరుకునేవారు కాదు.

అది ‘తూర్పున శీతాకాల యుద్ధం 1941/42’ అనే మెడల్ తాలూకు పత్రం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ 1942 మే 26న పెట్టిన మెడల్ అది. 1941 నవంబరు 15 నుంచి 1942 ఏప్రిల్ 15 దాకా రష్యా మీద యుద్ధంలో ఉన్న తమ సైనికులకి ఇచ్చారు. పద్నాలుగు రోజులు పోరాటంలో ఉన్నా, అరవై రోజులు ఆ ప్రాంతంలో ఏకబిగిన పనిచేసినా, గాయపడినా, చలికి కాళ్లూ చేతులూ పాడయినా వచ్చేది. దాదాపు 30 లక్షల మందికి దక్కింది కాబట్టి దానికి సంతలో పెద్ద విలువ లేదు. సైనికులు దాన్ని ‘గడ్డకట్టిన మాంసం పతకం’ అని పిలుచుకునేవారు. చలికోట్లు కూడా సరిగ్గా అందకుండా ఆ చలికాలం గడిపినవాళ్లు పెట్టిన పేరు కదా, అందులో నవ్వెంతో కోపమెంతో చెప్పలేం.

ఇలాంటి పత్రంలో మనిషి గురించి ఏమీ ఉండదు. హోదా, పేరు, యూనిట్, తేదీ, ఎవరిదో సంతకం, అంతే. పుట్టిన ఊరుండదు, తండ్రి పేరుండదు. మన పాత దస్తావేజుల్లో ‘ఫలానా వారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు’ అని రాసేవారే, అలాంటి దయ ఇక్కడ లేదు. మనకి మిగిలేది యూనిట్ ఒక్కటే. ఆ దారం పట్టుకుని లాగాల్సిందే. నా పత్రంలో ఉన్న సైనికుడి హోదా గెఫ్రైటర్, అంటే మామూలు సిపాయి కన్నా కాస్త పైన. పేరు చెప్పను. అతని మనవలు ఎక్కడో ఉండే ఉంటారు.

యూనిట్ గడిలో చేత్తో రాసి ఉంది. పాత జర్మన్ రాత చూస్తే మన కరణాల గొలుసుకట్టు గుర్తుకొస్తుంది, అక్షరాలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పరిగెడుతుంటాయి. అదృష్టం కొద్దీ అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ముందు 6, పక్కన చుక్క, ఏటవాలు గీత, ఇన్‌ఫాంటరీ (కాల్బలం) రెజిమెంట్‌కి పొట్టి రూపం, చివర 134. సైన్యంలో కొన్ని కంపెనీలు కలిస్తే బెటాలియన్, బెటాలియన్లు కలిస్తే రెజిమెంట్, రెజిమెంట్లు కలిస్తే డివిజన్. మామూలు అంకె వేసి చుక్క పెడితే కంపెనీ, రోమన్ అంకె వేస్తే బెటాలియన్. ఒకటి నుంచి నాలుగు కంపెనీలు మొదటి బెటాలియన్‌వి, ఐదు నుంచి ఎనిమిది రెండోదానివి, తొమ్మిది నుంచి పన్నెండు మూడోదానివి. పదమూడో కంపెనీకి చిన్న ఫిరంగులు, పద్నాలుగోదానికి ట్యాంకుల్ని కొట్టే తుపాకులు. ఆరో కంపెనీ కాబట్టి మనవాడు రెండో బెటాలియన్. ఇక్కడిదాకా బాగానే వచ్చాను.

ఆ తర్వాతే పప్పులో కాలేశాను. 134 అని చూడగానే 134వ ఇన్‌ఫాంటరీ డివిజన్ అనుకున్నాను. అలాంటి డివిజన్ ఒకటి నిజంగానే ఉంది మరి. 1941 డిసెంబరులో మాస్కోకి దక్షిణాన యెలెట్స్ దగ్గర చుట్టివేతలో చిక్కి చితికిపోయింది. దాని కమాండర్ ఫాన్ కోహెన్‌హౌజెన్ అక్కడే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. చదువుతుంటే నాకు కథ అద్భుతంగా అతికినట్టు అనిపించింది. శీతాకాలం, మెడల్, మంచులో వెనకడుగు, అన్నీ కుదిరాయి. మూడు నెలలు దాని వెంటే తిరిగాను. యుద్ధం తర్వాత అమెరికన్లు జర్మన్ సైన్యం కాగితాల్ని పట్టుకుపోయి మైక్రోఫిల్మ్ తీశారు. డివిజన్ల కాగితాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో టి-315 అనే వరుసలో ఉంటాయి. డబ్బు కట్టి ఒక రోల్ స్కాన్ తెప్పించుకున్నాను. రాత్రిపూట భోజనం అయ్యాక కూర్చుని ఒక్కో పేజీ తిప్పేవాణ్ని. ఆ డివిజన్‌లో ఉన్న రెజిమెంట్లు 439, 445, 446. నూట ముప్పై నాలుగు ఎక్కడా లేదు. రెండోసారి మొదటి నుంచి తిప్పాను. లేదు.

డివిజన్ నంబరుకీ రెజిమెంట్ నంబరుకీ సంబంధం లేదన్నది ఈ పనిలో అఆలు. నాకు ఆ అఆలు మూడు నెలలు ఆలస్యంగా వచ్చాయి. 134వ రెజిమెంట్ 44వ డివిజన్‌ది. దాని తోడు రెజిమెంట్లు 131, 132. మరి 133 ఏదని అడుగుతారు. అది 130, 135లతో కలిసి లింజ్ నగరపు 45వ డివిజన్‌లో ఉంది. 1941 జూన్‌లో సోవియట్ సరిహద్దులోని బ్రెస్ట్ కోట మీద పడ్డది ఆ డివిజనే. కాబట్టి వరస చూసి ఊహించకండి, ప్రతి అంకెనీ పట్టికలో వెతకండి.

44 వియన్నా డివిజన్. 134వ రెజిమెంట్ వియన్నావాళ్లది. చక్రవర్తుల కాలం నాటి ‘హోహ్ ఉంట్ డాయిచ్‌మైస్టర్’ అనే నగర రెజిమెంట్ వారసత్వాన్ని మోసింది అదే. ఆ పాత రెజిమెంట్‌కి వియన్నాలో రింగ్ రోడ్డు పక్కన, రొసావర్ బ్యారక్స్ ఎదుట, 1906లో కట్టిన పెద్ద స్మారకం ఉంది. నేను రోజూ ఆఫీసుకి ట్రామ్‌లో దాని ముందు నుంచే వెళ్లేవాణ్ని. వెతుకుతున్న రెజిమెంట్ వాళ్ల తాతల విగ్రహాలు కిటికీలోంచి రోజూ కనబడుతుంటే నేను యెలెట్స్ మంచులో తిరుగుతున్నానన్నమాట.

పత్రం అసలుదా కాదా అని కూడా చూసుకోవాలి. దీనికి నకిలీలు తక్కువే, ఎందుకంటే చవక. అయినా రెండు పరీక్షలు చేశాను. ఒకటి అతినీలలోహిత దీపం. యుద్ధం తర్వాతి కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. నాది మెరవలేదు. రెండోది తేదీ. 1942 అక్టోబరు 15న జర్మన్లు ఇన్‌ఫాంటరీ రెజిమెంట్లన్నిటికీ గ్రెనడియర్ రెజిమెంట్లని పేరు మార్చారు. నా పత్రం తేదీ ఆగస్టు 1. అందులో గ్రెనడియర్ అని ఉంటే చెత్తబుట్టలో పడేసేవాణ్ని. ఇన్‌ఫాంటరీ అనే ఉంది.

ఆ స్టిక్కర్ సంగతి మర్చిపోయాను. స్వస్తికతో పాటు సీలు అంచుని కూడా కొంత కప్పేసింది. యుద్ధంలో యూనిట్లు సీలు మీద సొంత పేరు వేసుకునేవి కావు, శత్రువుకి తెలుస్తుందని. బదులుగా ఫెల్డ్‌పోస్ట్ నంబర్, అంటే సైన్యం తపాలాకి వాడే ఐదంకెల సంఖ్య ఉండేది. నా సీల్లో మొదటి మూడంకెలే కనబడుతున్నాయి. మా ఆవిడ హెయిర్ డ్రయర్ తీసుకుని, దూరం నుంచి గోరువెచ్చటి గాలి కొడుతూ, గోటితో కాకుండా ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపాను. పది నిమిషాల పనికి ముచ్చెమటలు పోశాయి. సిరా కొంచెం కూడా ఊడకుండా మిగతా రెండంకెలు బయటపడ్డాయి. అయితే అదే నంబరు వేరే ఏడాదిలో వేరే యూనిట్‌కి ఇచ్చి ఉండొచ్చు, అందుకని 1942 నాటి జాబితాలోనే చూడాలి. చూశాను. 134వ రెజిమెంట్ రెండో బెటాలియన్. చేతిరాతా సీలూ ఒకే మాట చెప్పాయి.

ఇప్పుడు 44వ డివిజన్ ఆ చలికాలంలో ఎక్కడుంది? జర్మన్ ఆరో సైన్యం కింద, ఖార్కోవ్‌కి ఆగ్నేయంగా, దొనెట్స్ నది దగ్గర. 1942 జనవరి 18న సోవియట్ సేనలు ఇజ్యూమ్ దగ్గర ముందుకు పొడుచుకొచ్చినప్పుడు, ఆ పొడుపు ఉత్తరపు అంచున బలక్లేయా పట్టణాన్ని పట్టుకుని నిలబడింది ఈ డివిజనే. గడ్డకట్టిన మాంసం అంటే అక్కడ మాటవరసకి అన్నది కాదు.

అదే ఆరో సైన్యానికి 1941 అక్టోబరు 10న దాని సేనాపతి రైషెనౌ ఒక ఉత్తర్వు పంపాడు. యూదుల మీద కఠిన శిక్ష న్యాయమేనని సైనికులు అర్థం చేసుకోవాలని అందులో ఉంది. అప్పటికి పది రోజుల ముందే, సెప్టెంబరు 29, 30 తేదీల్లో, కీవ్ దగ్గర బాబీ యార్ లోయలో 33,771 మంది యూదుల్ని చంపారు. నా గెఫ్రైటర్ ఏం చేశాడో ఈ పత్రం చెప్పదు. కానీ పోగుచేసేవాళ్లలో కొందరు చలి, ధైర్యం, మెడల్ దగ్గరే ఆగిపోతారు, అది నాకు నచ్చదు. యూనిట్ చరిత్ర చదివితే మొత్తం చదవాలి.

ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. 1942 నవంబరులో ఆరో సైన్యం స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ సేనల వలయంలో చిక్కింది, 44వ డివిజన్‌తో సహా. 1943 ఫిబ్రవరికి ఆ డివిజన్ లేదు. అదే ఏడాది బెల్జియంలో కొత్తగా కట్టి, పాత వియన్నా రెజిమెంట్ పేరే మొత్తం డివిజన్‌కి పెట్టారు. 1944 జనవరిలో ఇటలీలో కసీనో కొండల మీద అమెరికన్లతో పోరాడింది. ఫిబ్రవరిలో ఆ కొండలెక్కిన వాళ్లలో మన నాలుగో ఇండియన్ డివిజన్ ఉంది, దానితో మద్రాస్ శాపర్లు, అంటే సైనిక ఇంజనీర్లు, ఉన్నారు. మద్రాస్ శాపర్లంటే అందులో మన తెలుగువాళ్లూ ఉండేవారు.

నన్ను ఎక్కువ రోజులు కుదురుగా ఉండనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఇతను ఆగస్టులో డాన్ నది దగ్గర ఉన్నాడు. స్టాలిన్‌గ్రాడ్ వలయంలో పడి ఉంటే ఈ కాగితం అక్కడే బూడిదయ్యేది. మరి వియన్నా సంతకి ఎలా వచ్చింది? పోస్టులో ఇంటికి పంపించి ఉండాలి, లేదా అతనే బయటపడి ఉండాలి. బెర్లిన్‌లో పాత సైనిక సమాచార కార్యాలయం ఒకటి ఉండేది, 2019 నుంచి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో భాగమైంది. కోటీ ఎనభై లక్షల మందికి పైగా సైనికుల కార్డులు అక్కడున్నాయి. దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూశాను. ఒక పేజీ జవాబు వచ్చింది. 1942 సెప్టెంబరులో గాయం, ఎడమ తొడ, ఆస్పత్రి రైల్లో తిరుగు ప్రయాణం. యూనిట్ గడిలో 6, చుక్క, గీత, 134.

వలయం మూసుకోవడానికి రెండు నెలల ముందు.

ఆ కాగితం ఈ ప్లాస్టిక్ కవర్లో ఉంది, అందరికీ పంపిస్తున్నాను. మడతల దగ్గర అరిగిపోయింది, కాబట్టి కవర్లోంచి తియ్యకండి. ఎడమ మూలన చిన్న గోధుమరంగు మరక ఉంది, చాలామంది రక్తమా అని అడుగుతారు. నాకైతే కాఫీ మరకలా ఉంది.