“సార్, రిఫరల్ ఇప్పించండి” అని మెసేజ్ పెట్టే ముందు

నమస్తే. రిఫరల్ అంటే తాము పనిచేసే కంపెనీలో ఉద్యోగానికి మన పేరు సిఫారసు చేయడం. హనుమకొండ, వరంగల్ కాలేజీల పిల్లలు దానికోసం లింక్‌డిన్‌లో సీనియర్లకు పంపే మెసేజ్‌లు చాలా వరకు ఇలాగే ఉంటున్నాయి.

(స్క్రీన్ మీద మెసేజ్)
“హాయ్ సార్, నేను సీఎస్‌ఈ ఫైనలియర్. మీ కంపెనీలో రిఫరల్ ఇప్పించండి. రెజ్యూమే పంపిస్తున్నా.”

అవతలి మనిషి పేరు కూడా లేదు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోపం పిల్లల మీద కాదు, దీన్నే నెట్‌వర్కింగ్ అని వాళ్లకు నేర్పినవాళ్ల మీద. సీనియర్‌ని ముందు అడగాల్సింది ఒక చిన్న మీటింగ్: ఫలానా పని లోపల ఎలా ఉంటుందో, దాన్ని రోజూ చేసే మనిషిని అడిగి తెలుసుకునే ఇరవై నిమిషాలు. అక్కడ ఉద్యోగం అడిగితే మాట అక్కడితో ఆగిపోతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చే రైతును చూడండి. కల్లంలో ఎండబెడతాడు. తాలు కాయ, అంటే రంగు పోయిన నాసి కాయ, ఏరి పక్కన పెడతాడు. తేజ రకం వేరే, వండర్ హాట్ వేరే బస్తాలకెత్తుతాడు. ధర ఎలా నడుస్తోందో కనుక్కుని మరీ బయల్దేరతాడు. తీరా ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ చూసేది కొద్ది క్షణాలే. మీ గురించి చెప్పుకోవడానికి మీకు దొరికేదీ అంతే సమయం.

అందుకే ముందు తాలు ఏరండి. “నీ గురించి చెప్పు” అనగానే పదో తరగతి మార్కుల దగ్గర మొదలుపెట్టొద్దు. గుప్పెడు మంచి కాయ చాలు. “సివిల్ థర్డ్ ఇయర్ మేడమ్. భద్రకాళి చెరువు పూడిక మట్టి మీద మినీ ప్రాజెక్ట్ చేశాం. మట్టి పరీక్షలే ఉద్యోగమైతే రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుందామని వచ్చాను.” ఇంతే. దీన్ని ఇంట్లో పైకి చెప్పి చూసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక మార్కెట్‌లో జెండా పాట. అది ఆ రోజు మేలు రకం సరుకుకు పలికిన ధర, ప్రతి బస్తాకూ అది రాదు. కాలేజీ బ్యానర్ మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ కూడా జెండా పాటే. మామూలు బస్తా సంగతి లోపల ఉన్నవాళ్లకే తెలుసు, దాన్నే అడగండి. మీ జీతమెంత అని కాదు. “కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది నిజంగా ఏ పని ఇస్తారు?” అని.

“మీ కంపెనీ ఏం చేస్తుంది?” అని మాత్రం అడగొద్దు, అది వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ముందురోజు ప్రొఫైల్ చదివితే ప్రశ్న ఇలా మారుతుంది: “మీరు టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్‌కి మారారు కదా, అప్పుడు ఏది కష్టమైంది?” ఈ ప్రశ్నకు ఆ మనిషి తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేరు. తయారై రావడమంటే నా దృష్టిలో ఇదే.

“మావాళ్లెవరూ ఐటీలో లేరు” అని మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చిన పిల్లలు దిగులుపడతారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక పరిశోధన ప్రచురించారు. బోస్టన్ దగ్గరి పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, నూటికి 83 మందికి ఆ సాయం అప్పుడప్పుడో అరుదుగానో కలిసే మనుషుల నుంచే అందింది. దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపువాళ్ల దగ్గరుంటుంది. కాబట్టి మీ అన్న స్నేహితుడి రూమ్మేట్, మడికొండ ఐటీ పార్కులో చేస్తున్న సీనియర్ అక్క, వీళ్లే మీ మనుషులు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. మెసేజ్‌లో వాళ్ల పేరు, వాళ్లు మీకెలా తెలుసు, ఎన్ని నిమిషాలు కావాలి, ఈ మూడూ ఉండాలి. సార్, మేడమ్ అనే మొదలుపెట్టండి, వాళ్లే “అన్నా అను” అంటే అప్పుడు అనండి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే కాజీపేటలో ఒక రైలు ముందే ఎక్కండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. అడిగిన ఇరవై నిమిషాలు కాగానే మీరే లేవండి. లేచే ముందు “ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?” అని అడగండి. రెజ్యూమే వాళ్లు అడిగితేనే ఇవ్వండి. ఆ రాత్రికే థాంక్స్ పంపండి, వాళ్లు చెప్పినదాంట్లో మీకు పనికొచ్చిన ఒక్క మాట అందులో రాయండి. రెండు నెలలయ్యాక, ఆ మాట పట్టుకుని మీరు ఏం చేశారో ఇంకో మెసేజ్ పెట్టండి. రిఫరల్ ప్రస్తావన తేవాలంటే ఆ తర్వాతే.